ఇరవై మూడు మాత్రలు

వికారాబాద్
14 జూన్ 1961

అక్కకు నమస్కారం.

మా దవాఖానా జవాను సాయంత్రం బండికి తాండూరు వస్తున్నాడు. ఈ ఉత్తరంతో పాటు ఒక సీసా అతని చేతికిచ్చి పంపుతున్నాను. అందులో వంద తెల్ల మాత్రలున్నాయి. నేనే రెండుసార్లు లెక్కపెట్టి మూత బిగించాను.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు గారు నీకు అర్థమయ్యేటట్టు ఏమీ చెప్పలేదని రైల్లో మూతి ముడుచుకుని కూర్చున్నావు కదా, నేను చెబుతాను విను. నెత్తురులో తెల్లకణాలని ఉంటాయి. పరీక్షలో వాటి అంకె ఏడెనిమిది వేలు రావాలి. నీకు రెండు లక్షల నలభై వేలు వచ్చింది. నీ ఎడమ డొక్కలో ప్లీహం వాచి గట్టిగా తగులుతున్న బల్ల కూడా ఆ జబ్బుతో పెరిగిందే. ఈ మందు పేరు బుసల్ఫాన్. అది ఆ కణాలను తగ్గిస్తుంది. తగ్గించడమే దానికి తెలుసు, ఎక్కడ ఆగాలో తెలియదు. ఆపవలసింది మనం.

పొద్దున్నే రెండు మాత్రలు, రోజూ ఒకే వేళకు, నీళ్ళతో మింగు. విరగ్గొట్టడం, నూరడం, తేనెలో రంగరించడం వద్దు. ఒకరోజు మరిచిపోతే మర్నాడు నాలుగు వేసుకోకు, మరిచినవి మరిచినట్టే వదిలెయ్యి. పది రోజులకోసారి మీ ఊళ్ళో ఏసుదాసు డాక్టరు గారి దగ్గర వేలు గుచ్చించుకుని అంకె నాకు రాయి, నేను హైదరాబాద్‌కు రాస్తాను. ఇరవై వేలకు దిగగానే మందు ఆపెయ్యాలి. ఆపిన తర్వాత కూడా కొన్ని వారాలు అంకె దానంతటది దిగుతూనే ఉంటుందట. పొయ్యి మీంచి దించిన పప్పు కాసేపు ఉడుకుతూనే ఉండదూ, అట్లాగన్నమాట. జ్వరం వచ్చినా, చిగుళ్ళ నుంచి నెత్తురు వచ్చినా, దెబ్బ తగలకుండానే ఒళ్ళు కమిలినా, నోరు పూసినా ఆ రోజే నాకు తెలియాలి.

పదిహేడేళ్ళుగా కాంపౌండరు పని చేస్తున్నాను. ఇన్ని జాగ్రత్తలు చెప్పిన మందును ఇంకొకదాన్ని చూడలేదు. కానీ పని చేసే మందు అక్కా, అందులో అనుమానం లేదు. మిగతా సంగతులు బావతో మాట్లాడాను. అవి నీకు అక్కరలేదు.

నీ తమ్ముడు
రామచందర్

*

తాండూరు
20 జూన్ 1961

తమ్ముడు రామచందర్‌కు అక్క దీవెనలు.

ఉత్తరం చదివాను. నువ్వు మందు పంపావో తుపాకీ పంపావో తెలియలేదు. అన్నీ నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను, భయపడకు. పదిహేనో తారీఖు నుంచి మొదలుపెట్టాం. మా కోడలు ఇంద్రమ్మ తెల్లవారగానే స్నానం చేసి వచ్చి రెండు మాత్రలు నా అరచేతిలో వేస్తుంది. నేను కళ్ళు మూసుకుని మింగి చెంబెడు నీళ్ళు తాగుతాను. మాత్రను చూస్తే నాకు డోకు వస్తుందని నీకు తెలుసు. చిన్నప్పుడు అమ్మ ఆముదం పట్టేటప్పుడు నేను కళ్ళు మూసుకుంటే, నువ్వు మంచం కింద దూరి నవ్వేవాడివి. తర్వాత వంతు నీదే అని మరిచిపోయి మరీ నవ్వేవాడివి.

ఇంద్రమ్మకు నాలుగో నెల. చింతకాయ తప్ప వేరే ఏదీ సయించడం లేదు. దుకాణంలో మీ బావ సంగతి ఏం చెప్పను. నిన్న కొడంగల్ వైపు నుంచి ఒకామె వచ్చి మానికెడు కందిపప్పు అడిగింది. కొలిచి ఇచ్చి, అలవాటు ప్రకారం మీద పిడికెడు కొసరు వేశాడు. ఆమె అట్లాగే నిలబడి ఉంది. కొసరు చాల్లేదేమో అని ఇంకో పిడికెడు వేశాడు. ఆమె ఇంకా కదల్లేదు. మూడోది కూడా వేశాక తెలిసింది, పాపం ఆమె కాలిలో ముల్లు విరిగి నిలబడింది!

ఇంకొక మాట. వెనక ఇంట్లో ఉండే నాగవ్వకు కూడా నాలాగే డొక్కలో బల్ల పెరిగింది. "సావుకారమ్మా, గా తెల్ల గోళీలు నాక్కూడ జరన్ని ఇయ్యరాదూ?" అని అడిగింది. ఒంటి మనిషి, ఎవరున్నారు చెప్పు? వందలో పది పోతే నాకేం తక్కువ? ఇస్తానని మాట ఇచ్చాను. నువ్వు ఊ అంటే ఇస్తాను.

పిల్లలను అడిగానని చెప్పు.

వసంతమ్మ

*

వికారాబాద్
23 జూన్ 1961

అక్కా,

ఊ అనను. ఒక్క మాత్ర కూడా నాగవ్వకు ఇవ్వవద్దు. బల్ల ఉన్నవాళ్ళందరికీ జబ్బు ఒకటే కాదు. ఆమెకు ఏడాదికి నాలుగుసార్లు చలిజ్వరం వస్తుందని నువ్వే చెప్పేదానివి. ఆమె బల్ల దానివల్లే వచ్చి ఉంటుంది, దానికి వేరే మందుంది. నీకు మేలు చేసే ఈ మాత్ర ఆమె ప్రాణం తీయవచ్చు. ఇది పచ్చడి కాదు, ఇరుగుపొరుగుకు పంచడానికి.

రెండోది ఇంకా ముఖ్యం. ఇంద్రమ్మ ఆ సీసా ముట్టుకోకూడదు. కడుపుతో ఉన్నవాళ్ళు ఈ మందుకు దూరంగా ఉండాలని పెద్ద డాక్టరు గారు నాకు చెప్పారు. నేను మొదటి ఉత్తరంలోనే రాయవలసింది, మరిచాను. తప్పు నాది. రేపటి నుంచి ఇంకెవరైనా ఇవ్వండి. సీసా అలమారలో పెట్టి తాళం వెయ్యండి.

రామచందర్

*

తాండూరు
2 జూలై 1961

తమ్ముడికి,

నీ ఉత్తరం మా ఇంట్లో ఎంత రభస చేసిందో నీకు తెలియదు. "సీసా ముట్టకు" అన్నాను కోడలితో. నువ్వు రాసింది చదివి వినిపించేలోపే లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. "నా చెయ్యి మంచిది కాదంటున్రా అత్తమ్మా, సక్కగ చెప్పున్రి" అని రెండు పూటలు అన్నం తినలేదు. చివరికి ఉత్తరం ఆమె చేతికే ఇచ్చి చదువుకోమన్నాను. చదివి, నవ్వి, చింతకాయ కొరుకుతూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇట్లాంటి మాటలు ముందే రాయాలని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు కాబట్టి నేనేమీ అనను.

పోయిన సోమవారం నుంచి మీ బావే ఇస్తున్నాడు. దుకాణం తెరవకముందు చేతులు కడుక్కుని, దేవుడి పటానికి దండం పెట్టి, అలమార తాళం తీసి, నా చేతిలో మాత్రలు వేస్తాడు. పెళ్ళినాడు కూడా అంత శ్రద్ధగా తలంబ్రాలు పోయలేదు.

నిన్న ఏసుదాసు గారు లెక్క కట్టారు. ఒక లక్షా అరవై రెండు వేలు. బల్ల కొంచెం మెత్తబడింది. అన్నం సయిస్తున్నది. నాగవ్వ సంగతి నాకు వదిలెయ్యి. ఇచ్చిన మాట ఎట్లా నిలబెట్టుకోవాలో నాకు తెలుసు.

వసంతమ్మ

*

తాండూరు
18 జూలై 1961

చిరంజీవి రామచందర్‌కు,

నోరు తీపి చేసుకుని ఈ ఉత్తరం చదువు. మొన్న శనివారం అంకె నలభై ఒక్క వేలు! ఏసుదాసు గారు రెండుసార్లు చూశారట. "మందు మంచిగ పట్టిందమ్మా" అన్నారు. మీ బావ బజారులో పేడాలు పంచాడు. ఎందుకు పంచుతున్నాడో అడిగిన వాళ్ళకు చెప్పలేదు, అడగని వాళ్ళకు చెప్పాడు. బల్ల ఇప్పుడు నిమ్మకాయంత మిగిలింది. కొంచెం నీరసంగా ఉంటుంది కానీ అది ఈ ముసురుకు అనుకుంటాను.

మాత్రలు అయిపోవస్తున్నాయి. ఇవాళ్టివి వేసుకోగా సీసాలో తొమ్మిది మిగిలాయి. ఇంకో సీసా పంపు. ఈసారి రెండు వందలు పంపితే మాటిమాటికీ నిన్ను అడిగే బాధ ఉండదు.

వసంతమ్మ

*

వికారాబాద్
20 జూలై 1961

అక్కా,

నలభై ఒక్క వేలని చదివి సంతోషించాను. తర్వాతి మాట చదివాక ఆ సంతోషం పోయింది.

వంద మాత్రలు పంపాను. జూన్ పదిహేను నుంచి జూలై పద్దెనిమిదికి ముప్పై నాలుగు రోజులు. రోజుకు రెండు చొప్పున అరవై ఎనిమిది. సీసాలో ముప్పై రెండు ఉండాలి. నువ్వు తొమ్మిదే ఉన్నాయంటున్నావు. ఇరవై మూడు మాత్రలు ఏమయ్యాయి?

నాకు తెలుసు ఏమయ్యాయో. నాగవ్వకు ఇచ్చావు. వద్దని అంత గట్టిగా రాసినా ఇచ్చావు. "ఇచ్చిన మాట ఎట్లా నిలబెట్టుకోవాలో నాకు తెలుసు" అని నువ్వు రాసినప్పుడే నేను రైలెక్కి రావలసింది. నీ మంచితనం ఒక మనిషిని చంపుతుంది. వెంటనే ఆమెను ఏసుదాసు గారికి చూపించు. నీ నెత్తురు కూడా మళ్ళీ లెక్క కట్టించు. ఆ అంకె రాకుండా నేను ఒక్క మాత్ర పంపను.

రామచందర్

*

తాండూరు
23 జూలై 1961

రామచందర్‌కు,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించలేదు. సిగ్గనిపించింది.

నువ్వు వద్దన్న మర్నాడే నాగవ్వను వెంటబెట్టుకుని నేనే ఏసుదాసు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. చలిజ్వరమే అన్నారు. చేదు మందేదో ఇచ్చారు, తాగి ముఖం వికారంగా పెట్టుకుని మా అరుగు మీదే కూర్చుంటున్నది. నేను నిలబెట్టుకున్న మాట అది. ఒక్క తెల్ల మాత్ర ఆమె కంట కూడా పడలేదు. నేను రోజుకు రెండే వేసుకుంటున్నాను. నిన్ను ఎత్తుకుని తిప్పినదాన్ని, నీతో అబద్ధమాడవలసిన అవసరం నాకు లేదు.

మొన్నటితో సీసా ఖాళీ అయింది. నువ్వు పంపనక్కరలేదు. అంకె కూడా రాయను.

వసంతమ్మ

*

వికారాబాద్
28 జూలై 1961

అక్కా,

కోపం ఉంటే ఉంచుకో. అంకె మాత్రం పంపు. రోజూ టపా వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడుతున్నాను. ఒళ్ళు వేడిగా ఉందా? పళ్ళు తోముకుంటే నెత్తురు వస్తున్నదా? ఈ రెంటికీ అవును, కాదు అని ఒక కార్డు ముక్క మీద రాసినా చాలు.

రామచందర్

*

వికారాబాద్
1 ఆగస్టు 1961

అక్కా,

ఈ ఉత్తరం చేతికందగానే బావను పక్కన కూర్చోబెట్టుకుని చదువు. జవాను జవాబు తీసుకునే వెనక్కి వస్తాడు.

నీ ఉత్తరాలన్నీ రాత్రి ముందు వేసుకుని కూర్చున్నాను. పద్దెనిమిదో తారీఖున తొమ్మిది మాత్రలున్నాయని రాశావు. రోజుకు రెండు చొప్పున అవి నాలుగున్నర రోజులు రావాలి. ఇరవై మూడున నువ్వు రాసిన కోపం ఉత్తరంలో మొన్నటితో ఖాళీ అన్నావు. అంటే ఇరవై ఒకటి. తొమ్మిది మాత్రలు మూడు రోజుల్లో అయిపోయాయి. రోజుకు మూడు.

ఆ తర్వాత వెనక్కి లెక్క వేశాను. రోజుకు ఒకటి ఎక్కువైతే, ఇరవై మూడు మాత్రలంటే ఇరవై మూడు రోజులు. పద్దెనిమిది నుంచి వెనక్కి పోతే జూన్ ఇరవై ఆరు, సోమవారం. బావ నీకు మాత్రలు ఇవ్వడం మొదలుపెట్టిన రోజు.

నువ్వు అబద్ధం చెప్పలేదు అక్కా. కళ్ళు మూసుకున్నావు. బావను అడుగు.

రామచందర్

*

తాండూరు
2 ఆగస్టు 1961

తమ్ముడూ,

జవాను అరుగు మీద కూర్చున్నాడు, త్వరగా రాస్తున్నాను. మీ బావను కూర్చోబెట్టి నీ ఉత్తరం పైకి చదివాను. సోమవారం దాకా వచ్చేసరికి ఆయన లేచి నిలబడ్డాడు.

"నేను రెండే ఇచ్చిన" అన్నాడు. "మీద ఒక్కటి కొసరు. కొసరు ఎన్నడన్న లెక్కల వస్తదా?"

ఆయనే మళ్ళీ అన్నాడు. "ముప్పై ఏండ్ల సంది గీ చెయ్యి కొసరు లేకుండ ఎవ్వలకు ఏమియ్యలే. దారిన పోయేటోళ్ళకు ఏస్త. నా ఇంటిదానికి రెండే ఇచ్చి చెయ్యెట్ల గుంజుకుంట?" అని అక్కడే గడప మీద కూలబడ్డాడు. ఆయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. మా మామ పోయినప్పుడు కూడా చూడలేదు.

నాకు ఆయన మీద కోపం రాలేదు. నీ మీద ఉన్నది కూడా పోయింది. ఇప్పుడు నువ్వు అడిగినవాటికి జవాబు. అవును, అవును. చిగుళ్ళ నుంచి వారం రోజులుగా నెత్తురు వస్తున్నది. తొడల మీద నల్లగా మచ్చలున్నాయి. నిన్న సాయంత్రం నుంచి జ్వరం. నీ మీద పంతంతో చెప్పలేదు. ఇంత వయసొచ్చి ఇంత బుద్ధి తక్కువ పని చేశాను. పొద్దున ఏసుదాసు గారు అంకె చూశారు. మూడు వేల ఒక వంద.

రేపటి బండికి మీ బావ, నేను హైదరాబాద్ పోతున్నాం. వికారాబాద్ స్టేషన్లో ఎక్కు. దుప్పటి ఒకటి తెచ్చుకో, నీకు దవాఖానాలో నిద్ర పట్టదు. ఇది నన్ను తీసుకుపోయే జబ్బు కాదు, నేను పోయేదాన్నీ కాదు.

అక్క

*

వికారాబాద్
24 ఆగస్టు 1961

హైదరాబాద్ దవాఖానాలో ఉన్న అక్కకు,

రెండు వేలకు దిగిన నీ అంకె మూడు వేల ఎనిమిది వందలకు పెరిగిందని నిన్న పెద్ద డాక్టరు గారి ఉత్తరం వచ్చింది. మా దవాఖానాలో అందరికీ చూపించాను. ఇక మలుపు తిరిగినట్టే అని రాశారు. నీకు ఎక్కించిన మూడు సీసాల నెత్తురులో ఒకటి నాది. అందుకే ఈమధ్య నీకు లెక్కలు వస్తున్నాయేమో చూసుకో.

నిన్ను ఆ మంచం మీద చూసినప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తాను. నిన్ను అనుమానించి మందు పంపడం ఆపాను. ఆ అనుమానం తప్పు. కానీ నువ్వు అడిగినట్టు రెండు వందల మాత్రలు పంపి ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టరు గారు నాతో అన్నారు. క్షమించమని అడగాలో వద్దో నాకే తెలియడం లేదు. అడుగుతున్నాను.

ఇంకొకటి నన్ను తొలుస్తున్నది. మాత్రలు రెండు అని రాశాను. రెండుకు మించి ఒక్కటి కూడా వద్దని ఎందుకు రాయలేదు? మరిచిపోతే నాలుగు వేసుకోవద్దని రాశాను, నూరవద్దని రాశాను. మన దుకాణంలో నాన్న పప్పు కొలుస్తుంటే పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి, కొసరు సంగతి నాకు తెలియదా? ఇప్పుడు మా దవాఖానాలో ఎవరికి ఏ మందు ఇచ్చినా "ఇంతే, మీద ఏమీ వద్దు" అని చెబుతున్నాను. ఎన్ని మింగుతారో వాళ్ళ నోటితోనే నాకు చెప్పమంటున్నాను. జనం నవ్వుతున్నారు. నవ్వనీ.

బావ మొన్న ఇక్కడ దిగాడు. వసారాలో కూర్చుని రోగులను చూస్తూ ఉండిపోయాడు. "జర నాక్కూడ ఏదన్న పనియ్యి రామచందర్, దుకాణంల కూసుంటె చెయ్యి ఆడుతలేదు" అన్నాడు. సీసాలు కడిగించాను.

రామచందర్

*

తాండూరు
12 అక్టోబర్ 1961

తమ్ముడికి దీవెనలు.

ఇంటికొచ్చి పది రోజులైంది. అంకె ఆరు వేల నాలుగు వందలు. మచ్చలు పోయాయి. జామకాయ కొరికినా చిగుళ్ళు ఊరుకుంటున్నాయి. మళ్ళీ చెప్పేదాకా మాత్రలు వద్దన్నారు, నెత్తురు పరీక్ష మాత్రం తప్పదన్నారు. వారానికోసారి నా అంతట నేనే పోయి వేలు చాపుతున్నాను. నాగవ్వ తోడు వస్తుంది. ఆమె బల్ల కరిగిపోయింది, ఇప్పుడు నాకు ఆరోగ్యం గురించి పాఠాలు చెబుతున్నది.

దుకాణంలో మీ బావ మానిక ముట్టడం లేదు. రెండు నెలలుగా మా అబ్బాయే కొలుస్తున్నాడు. నేను పోయి మానిక ఆయన ముందు పెట్టాను. "పప్పుకు కొసరు వెయ్యి. అది నీ ధర్మం. మందుకు వెయ్యకు. అది డాక్టరు ధర్మం. రెండూ కలపకుంటే చాలు" అన్నాను. మానిక అందుకుని వచ్చినామెకు కొలిచాడు. మీద కొసరు కూడా వేశాడు.

ఇక అసలు సంగతి. జూన్‌లో మీరిద్దరూ నాకు చెప్పకుండా ఏం మాట్లాడుకున్నారో నాకు తెలుసు. దవాఖానాలో పెద్ద డాక్టరును నేనే అడిగాను. ఈ మందు జబ్బును అణిచిపెడుతుంది కానీ పూర్తిగా పోగొట్టదన్నారు. "మొదలుపెట్టిన నాటి నుంచి మందు సరిగా వాడితే మూడేళ్ళు, మహా అయితే నాలుగేళ్ళు" అన్నారు. ఆయన మంచివాడు, నా ముఖం చూసి చెప్పారు. మీరెందుకు దాచారు? పది రోజులకోసారి నాకు అంకెలు తెలియాలి గానీ అన్నిటికన్నా పెద్ద అంకె తెలియకూడదా? రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు ఆకలేసింది. నాలుగేళ్ళంటే తక్కువేం కాదురా. ఇంద్రమ్మ బిడ్డకు జడ వెయ్యవచ్చు. ఆడపిల్లే పుడుతుంది, చూడు.

ఇకముందు నా దగ్గర ఏదీ దాచకు. నేనూ దాచను. పంతాలు కూడా వద్దు, మనకు గిట్టుబాటు కావు.

అక్క

*

వికారాబాద్
16 అక్టోబర్ 1961

అక్కా,

దాచను. నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. వచ్చే ఆదివారం వస్తున్నాను, బెండకాయ పులుసు చెయ్యి.

రామచందర్

*

తాండూరు
8 ఫిబ్రవరి 1962

తమ్ముడికి,

ఎనిమిది గ్రహాలు ఒక్క రాశిలో కలిస్తే లోకం మునుగుతుందన్నారు, కలిశాయి, మునగలేదు. ఇక్కడ మూడు రోజులు ఒకటే భజనలు. ఎదురింటివాళ్ళు మూటా ముల్లె కట్టుకుని కూర్చున్నారు, ఎక్కడికి పోదామనో అడిగితే చెప్పలేదు. నాకు మాత్రం పరేషాన్ లేదు. మునిగితే అందరితో పాటు మునుగుతాను, ఈ జబ్బు వచ్చాక అందరితో కలిసి చేసే పని ఒకటి దొరికిందని అనుకున్నాను. మునగలేదు కాబట్టి మళ్ళీ మాత్రలు మొదలయ్యాయి.

నువ్వు పంపిన సీసా అందింది. అంకె యాభై రెండు వేలకు పెరిగింది కాబట్టి రోజుకు ఒక్కటే అని, మీద ఏమీ వద్దని నువ్వు ఎర్ర సిరాతో సీసా మీద రాసింది చూశాం. ఎవరివ్వాలన్న మాట వచ్చింది. ఇంద్రమ్మ చంటిపిల్లకు పాలిస్తున్నది, ఆమె వద్దు. నేనే తీసుకుంటానన్నాను. మీ బావ లేచి అవతలికి పోయాడు. ఆ పోవడం చూసి నాకు ప్రాణం ఒప్పలేదు. పిలిచి, "నువ్వే ఇయ్యి. నేను కండ్లు తెరిచి తీసుకుంట" అన్నాను.

సోమవారం పొద్దున చేతులు కడుక్కుని వచ్చాడు. తాళం తీసి ఒక మాత్ర నా అరచేతిలో వేశాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన చెయ్యి మళ్ళీ సీసా మీదికి పోయింది. అక్కడ ఆగింది. రామచందర్, ఆ చెయ్యి అక్కడ ఎంతసేపు ఆగిందో చెప్పలేను. మూత పెట్టేశాడు. ఆ తర్వాత జేబులోంచి కాగితం పొట్లం తీసి, చిన్న బెల్లం ముక్క నా చేతిలో వేశాడు.

"గిదైతే డాక్టర్‌సాబు ఏమనడు గద?" అని అడిగాడు.

బెల్లం తినవచ్చో లేదో వెంటనే రాయి. అప్పటిదాకా తింటూనే ఉంటాను.

అక్క

*

వికారాబాద్
10 ఫిబ్రవరి 1962

అక్కా,

తినవచ్చు. బావకు నా నమస్కారం చెప్పు.

రామచందర్

*

తాండూరు
16 జూన్ 1965

చిరంజీవి రామచందర్‌కు వసంతమ్మ దీవెనలు.

పోయిన నెలంతా నువ్వు ప్రతి ఉత్తరంలో ఎందుకు అన్నిసార్లు "ఎట్లా ఉన్నావు" అని అడిగావో నాకు తెలియదనుకోకు. తారీఖు నాకూ గుర్తుంది. అంకె పద్నాలుగు వేలు. బల్ల కొంచెం తగులుతున్నది. ఈమధ్య తొందరగా అలిసిపోతున్నాను, పొద్దున రెండుసార్లు పడుకుంటున్నాను. ఏదీ దాచనని మాట కాబట్టి రాస్తున్నాను.

దుకాణంలో మానికలు పోయి కిలో రాళ్ళు వచ్చినా మీ బావ మారలేదు. త్రాసు ముల్లు నడిమధ్యన నిలిచిన తర్వాత పిడికెడు వేస్తాడు, ముల్లు ఒరిగిపోతుంది. "గిప్పుడు తూకం సరిపోయింది" అంటాడు. మనవరాలు ఆయన పక్కనే కూర్చుని తన చిన్న గుప్పిటతో ఇంకొంచెం వేస్తుంది. రోజూ దానికి నేనే జడ వేస్తున్నాను. జుట్టు మా అమ్మలాగా ఒత్తుగా వచ్చింది, అది కదలకుండా కూర్చోదు, అదొక్కటే ఇబ్బంది.

నేను మొదటి మాత్ర మింగి నిన్నటికి నాలుగేళ్ళు. పెద్ద డాక్టరు గారు కొలిచింది నిన్నటితో నిండింది. పొద్దున మీ బావ మాత్ర ఇచ్చి, బెల్లం ఇచ్చి, నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. ఆయనకూ తారీఖు గుర్తుంది.

"ఏం చూస్తున్నవ్?" అన్నాను. "ఇయ్యాల్టి సంది కొసరు."

అక్క